సోఫాలక్క ఊఁ అంది

సోఫాలక్క నోట్లో నాలుక లేని మనిషని వీధంతా అనుకునేది. అది ఉత్త మాట. నాలుక లక్షణంగా ఉంది, అది ఆడటానికే చోటు ఉండేది కాదు. పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేసి బిగించడం ఆవిడ పని. ఎడంచేత్తో గుడ్డ లాగి పట్టుకోవాలి, కుడిచేత్తో సుత్తి కొట్టాలి, మరి మేకులు ఎక్కడ పెట్టుకోవాలి? నోట్లో. గుప్పెడు చిన్న మేకులు ఎడమ బుగ్గలో దాచుకుని, ఒక్కొక్కదాన్నీ నాలుకతో పెదవుల మీదికి తోసుకుని, తీసి కొట్టేది. వాళ్ల నాన్న అలాగే చేసేవాడు, ఆయన దగ్గరే పని నేర్చుకుంది. నోరు తెరిచావంటే మేకు గొంతులోకి పోతుంది తల్లీ, అని ఆయన మొదటిరోజే చెప్పాడు. అందుకని ఎవరు ఏం మాట్లాడినా ఆవిడ పెదవులు విప్పకుండా ఒకటే జవాబిచ్చేది. ఊఁ.

ఆ ఊఁ ఎంత పని చేసేదనుకున్నారు? గుడ్డల కొట్టువాడు ధర పెరిగిందక్కా అంటే ఊఁ. సోఫా బాగుచెయ్యమని ఇచ్చినావిడ తన కోడలి మీద చాడీలు చెబితే ఊఁ. ఆ కోడలే మర్నాడు వచ్చి అత్తగారి మీద చెబితే అదే ఊఁ, అంతే పొడుగు. ఇద్దరూ ఆవిడ తమ పక్షమేననుకుని తృప్తిగా ఇంటికి పోయేవారు. చివరికి పెళ్లి కూడా ఆ ఊఁతోనే కుదిరింది. "అబ్బాయి బస్సు కండక్టరు, మంచివాడే, కాకపోతే కాస్త వాగుతాడు, సరేనా?" అని నాన్న అడిగితే, ఈవిడ ఒక కుర్చీ చేతికి గుడ్డ బిగిస్తూ ఊఁ అంది. విని అన్నావా, వినకుండా అన్నావా అని కండక్టరు ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. దానికీ ఊఁ అనే అంటుంది. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయినా ఆయన నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది కాబట్టి, ఇద్దరికీ బాగానే సరిపోయింది.

ఆవిడ పనిచేసే గది గురించి కూడా చెప్పాలి, గొడవంతా దాని గురించే కనక. రెండు వీధులు కలిసే మూల మీద, పూర్వం ఎవరో బండ్లు పెట్టుకోవడానికి కట్టుకున్న పొడుగాటి గది. ముందు రెండు పెద్ద తలుపులు. రెండూ బార్లా తీస్తే ముగ్గురు కూర్చునే సోఫా కూడా పక్కకి తిప్పే పని లేకుండా తిన్నగా లోపలికొచ్చేస్తుంది. చుట్టుపక్కల అద్దెకిచ్చే గదులన్నిటికీ ఒంటి తలుపులే. వాటిలోకి సోఫా దూర్చాలంటే సోఫా కాళ్లన్నా విరగ్గొట్టాలి, గోడన్నా పడగొట్టాలి. ఆ గది లేకపోతే సోఫాలక్కకి పని లేదు, అంతే. ఆడమనిషి సుత్తి పట్టుకుని సోఫాలు బాగుచేస్తానంటే ఎవరూ గది ఇవ్వని రోజుల్లో, దాని యజమాని పెద్దాయన మారుమాట లేకుండా తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ తరవాత ఆయనకి ఏం తోచిందో ఏమో, ఇంకా చాలా ఏళ్లదాకా ఆ గదిలో ఆవిడే ఉండాలనీ, ఆవిడంతట ఆవిడ వదులుకుంటే తప్ప ఎవరూ ఖాళీ చేయించకూడదనీ పక్కాగా అద్దె కాగితం రాయించి మరీ కన్నుమూశాడు.

పెద్దాయన కొడుకు చినబాబు. పేరుకే చినబాబు, జుట్టు సగం నెరిసింది. చెడ్డవాడని నేననను. వట్టి తొందరమనిషి. ఆ మూల మీద మందుల షాపు పెట్టుకుంటానని ఒక ఆసామి రాగానే ఇతగాడి కాలు నేల మీద నిలవలేదు. నాన్న రాయించిన కాగితం సంగతి తెలుసు గనక, సోఫాలక్క చేత ఔననిపించుకుంటే సరిపోతుందనుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఆ ఆసామిని వెంటబెట్టుకుని వచ్చాడు. సాక్ష్యానికి ఉంటాడని పక్కకొట్లో గడియారాలు బాగుచేసే బాబాయిని కూడా పిలిచి నిలబెట్టాడు.

ఆ వేళ సోఫాలక్క ముందు తల ఆనేచోట రెండువైపులా చెవుల్లాంటి రెక్కలున్న పాతకాలం కుర్చీ ఒకటి ఉంది. ఆ చెవి వంపు దగ్గర గుడ్డని ముడత పడకుండా కూర్చోబెట్టడం ఎంత తలనొప్పి వ్యవహారమో చేసినవాళ్లకే తెలుసు. చినబాబు ఆవిడ వెనకాల నిలబడి చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఆగి ఏమంటావక్కా అన్నాడు. ఆవిడ ఊఁ అంది. ఇంకాసేపు మాట్లాడి, అయితే ఖాయమేగా అన్నాడు. మళ్లీ ఊఁ అంది. కుర్చీ చెవి ముడత లేకుండా కుదిరింది. చినబాబు హుషారుగా వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా అతని లాయరు దగ్గర్నించి నోటీసు వచ్చింది. మీరు ఇద్దరి ఎదుట గది వదులుకుంటానని ఒప్పుకున్నారు కనుక నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యవలసినది, అని. సోఫాలక్క నిలబడే చదివింది. నోట్లో మేకులు అరచేతిలోకి ఊసేసి పక్కకొట్టుకి పరుగెత్తి, నేనెప్పుడు ఒప్పుకున్నాను బాబాయ్ అని అడిగింది. గడియారాల బాబాయి కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి ఆవిడకేసి బాధగా చూశాడు. అబద్ధమాడటం ఆయనకి చేతకాదు, ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే.

"ఊఁ అన్నావమ్మాయ్. ఒకసారి కాదు, రెండుసార్లు. నా చెవులతో విన్నాను. నాకూ ఆశ్చర్యమే అనిపించింది."

అన్నానేమో అనుకుంది సోఫాలక్క. ఆ రోజు చినబాబు వచ్చినట్టు గుర్తుంది, ఏదో మాట్లాడినట్టూ గుర్తుంది, ఏం మాట్లాడాడో ఒక్క ముక్క గుర్తు లేదు. గది పోతుందన్న భయం ఒక ఎత్తు, దాన్ని తన నోటితోనే పోగొట్టుకుందన్న సిగ్గు ఇంకో ఎత్తు. ఆ రోజు మరి సుత్తి ముట్టుకోలేదు.

కండక్టరు రంగంలోకి దిగాడు. ఉద్యోగంలో ఉండగా ఆయన బస్సులో రోజూ ఎక్కిన ఒక గుమాస్తా ఉన్నాడట, ఆ గుమాస్తా పనిచేసేది ఊళ్లోకెల్లా పెద్ద లాయరు దగ్గరట, ఇంక మన పని అయిపోయినట్టేనట. ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లారు. చల్లటి గది, అద్దంలా మెరిసే బల్ల, దాని వెనకాల పెద్ద లాయరు. కూర్చోమని కూడా అనకుండా నోటీసు లాక్కుని ఒకసారి చూసి, మొదలెట్టాడు. ఆయన మాట్లాడిన దాంట్లో కామాలూ ఫుల్‌స్టాపులూ లేవు. కండక్టరంతటివాడికే సందు దొరకలేదు. చివరికి పెద్ద లాయరు, ఇలాంటివి కోర్టుదాకా లాగితే లాభం లేదు, ఇంకో రెండు మూడు నెలలు గడువు అడిగి మర్యాదగా ఖాళీ చేసెయ్యండి, సరేనా అమ్మా అన్నాడు. సోఫాలక్క ఊఁ అంది.

మెట్లు దిగాక కండక్టరు ఆవిడ మొహంలోకి చూశాడు. "అదేమిటే, ఖాళీ చేస్తానని ఒప్పేసుకున్నావు?"

"నేనా?" అంది సోఫాలక్క. ఆ మెట్ల మీదే కూలబడిపోయింది. నోట్లో ఒక్క మేకన్నా లేదు, అయినా ఆ ఊఁ దానంతటదే వచ్చేసింది. కండక్టరు మళ్లీ పైకెళ్లి, మీకో దణ్ణం, మాకీ గడువులూ వద్దు, మీ సాయమూ వద్దు అని చెప్పి నోటీసు వెనక్కి పట్టుకొచ్చాడు. ఇంటికొచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. కండక్టరు జీవితంలో అదొక వింత.

మర్నాటికి సోఫాలక్క ఒక నిర్ణయానికొచ్చింది. పెద్ద లాయరూ వద్దు, తెలిసినవాళ్లకి తెలిసిన లాయరూ వద్దు. తన మాట వినే లాయరు కావాలి. అలాంటివాళ్లు ఎవరున్నారో తనే వెతుక్కుంటుంది. ఆ రోజు నుంచీ గదికి ఎవరొచ్చినా, మేకులు బయటికి తీసి, వాళ్లెప్పుడన్నా లాయరు దగ్గరికి వెళ్లారా, ఆ లాయరు ఎలాంటి మనిషి అని అడిగేది. సోఫాలక్క గొంతు ఎలా ఉంటుందో చాలామందికి అప్పుడే తెలిసింది. అందరూ ఆవిడకి అక్కర్లేని లాయర్ల గురించి బోలెడు చెప్పారు. చివరికి పియానో నేర్పే టీచరమ్మ తన స్టూలుకి కొత్త గుడ్డ వేయించుకుందామని వచ్చి, రెండు వీధుల అవతల సైకిళ్ల కొట్టు మీద గదిలో ఒక లాయరమ్మ ఉందని చెప్పింది. చిన్న పిల్లే గానీ, మనం చెప్పడం అయ్యేదాకా పెన్ను కూడా కదపదు, చెవులు మనకిచ్చేసి కూర్చుంటుంది అంది. సోఫాలక్కకి ఆ మాట నచ్చింది.

ఫోను చేస్తే లాయరమ్మే ఎత్తింది. రేపే రండి అంటుందనుకుంటే అలా అనలేదు. మొదటిసారి కూర్చోబోయే ముందు కొన్ని పనులు చేసుకు రమ్మంది. అద్దె కాగితం, నోటీసు, అద్దె కట్టిన రసీదులు అన్నీ ఒక సంచిలో వేసుకోవాలి. ఏం జరిగిందో ముందునుంచీ వరసగా రాసుకోవాలి. ఏం కావాలనుకుంటున్నారో ఒక్క ముక్కలో అనుకుని రావాలి. ఫీజు దేనికెంతో కూడా మొహమాటపడకుండా అడగాలి. ఆ తరవాత ఇంకో మాట చెప్పింది. "మీకు నష్టం చేసే సంగతి ఏదన్నా ఉంటే దాన్ని అన్నిటికంటే పైన రాయండక్కా. అది నాకు మీ నోట తెలియాలి, వాళ్ల నోట కాదు." మీవారు రావచ్చు గానీ మాట్లాడాల్సింది మీరే అని కూడా అంది. ఫోను పక్కనే చెవి పెట్టి వింటున్న కండక్టరు మొహం ముడుచుకున్నాడు.

రాయడం మొదలైంది. కుర్చీ కొలతలు గీసుకునే దళసరి కాగితం ఒకటి తీసుకుని, వంటింట్లో బల్ల దగ్గర కూర్చుంది. సుత్తి పట్టిన చెయ్యి కదా, పెన్ను దాని మాట వినడం లేదు. కండక్టరు వెనకాల పచార్లు చేస్తూ చెప్పడం మొదలెట్టాడు. ఆ చినబాబు అనే దుర్మార్గుడు పట్టపగలు గూండాలని వెంటేసుకొచ్చి, అన్నాడు. గూండాలెక్కడున్నారండీ, వచ్చింది మందుల షాపాయన, అంది సోఫాలక్క. అతని చూపు నాకు నచ్చలేదు అన్నాడాయన. మీరు అక్కడ లేరుగా అంది ఆవిడ. అలా ఒక్కొక్క వాక్యానికీ ఇద్దరూ పోట్లాడుకుంటూ, ఆయన అతికించినవన్నీ ఆవిడ పీకేస్తూ, మొత్తానికి జరిగింది జరిగినట్టు ఒక కొలిక్కి తెచ్చారు. పైన మాత్రం ఖాళీ వదిలేసి ఉంది.

అక్కడ ఏం రాయాలో ఇద్దరికీ తెలుసు. కండక్టరు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, మొట్టమొదటిసారిగా గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ ఊఁ సంగతి లాయరుకి చెప్పకు అన్నాడు. అసలు నేనేమీ అనలేదు అని గట్టిగా నిలబడితే సరి, గడియారాల బాబాయి ముసలాడు, చెవులు సరిగ్గా వినిపించవని అనొచ్చు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆ గది పోతే ఈవిడ ఏమైపోతుందోనని ఆయన బెంగ. బాబాయి చెవులు ఎంత చురుకైనవో సోఫాలక్కకి తెలుసు. గడియారం నడక తేడాని వినే పట్టుకునే మనిషి ఆయన. ఇన్నేళ్లు పక్కపక్కన పనిచేసి ఇప్పుడు ఆయన్ని చెవిటివాణ్ణి చెయ్యలేను అనుకుంది. పెన్ను తీసుకుని పైన రాసింది: నేను రెండుసార్లు ఊఁ అన్నాను. రాశాక ఎక్కడో గుండెల్లో బరువు దిగినట్టు అనిపించింది.

లాయరమ్మ గది ఇరుకు. కిటికీ కింద సైకిళ్లకి గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. సోఫాలక్క కూర్చున్న కుర్చీలో స్ప్రింగు ఒకటి తెగి ఒకవైపు గుచ్చుతోంది. మామూలప్పుడైతే ముందు దాన్ని తిరగేసి చూసేది, ఇవాళ దాని ఊసే తలకెక్కలేదు. లాయరమ్మ కాగితం అందుకుని పై వాక్యం చదివింది, ఆగింది, మళ్లీ చదివింది. దీన్ని దాచకుండా రాసినందుకు మెచ్చుకుంది. ఇది దాచి ఉంటే రేపు అవతలివాళ్లు చెప్పినప్పుడు నేను నీళ్లు నమలాల్సి వచ్చేది అంది. మిగతాది చదవడం అయ్యాక, సోఫాలక్క చేతే అంతా మళ్లీ చెప్పించుకుంది. టీచరమ్మ చెప్పింది నిజమే, అంతసేపూ పెన్ను కదలలేదు. కండక్టరు రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని బిక్కచచ్చి కూర్చున్నాడు.

ఆ తరవాత లాయరమ్మ చెప్పడం మొదలెట్టింది. అద్దె కాగితం గట్టిదే అంది. ఊఁ అంది సోఫాలక్క. వాళ్ల బలమంతా మీరు ఒప్పుకున్నారన్న మాట మీదే ఉంది అంది. ఊఁ. అది ఒప్పుకోలు కాదని చూపించాలి అంది. ఊఁ. లాయరమ్మ ఒక క్షణం ఆవిడకేసి చూసి, అదే గొంతుతో, ఏమాత్రం తేడా లేకుండా అంది: "కాబట్టి ఇవాళే గది ఖాళీ చేసేసి, మీవారిని కూడా నా దగ్గర వదిలేసి వెళ్లిపోతారు."

"ఊఁ," అంది సోఫాలక్క.

కండక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లాయరమ్మ నవ్వలేదు. ఇప్పుడు నేనేం చెప్పానక్కా అని మెల్లిగా అడిగింది. సోఫాలక్కకి తెలిస్తే కదా. ఆవిడ ఇంకా అద్దె కాగితం గట్టిదే అన్న మాట దగ్గరే ఉండిపోయి, ఆ సంతోషంలో పెద్దాయన్ని తలుచుకుంటోంది. సంగతి తెలిసేసరికి ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. ఇదీ నా బతుకు, నా నోరే నాకు శత్రువు అంది. లాయరమ్మ మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపి, పెదవులు అలా బిగించుకునే ఎందుకు మాట్లాడతారని అడిగింది. ఎందుకో సోఫాలక్కకి తెలీదు. అంతవరకూ ఎలాగో ఉగ్గబట్టుకున్న కండక్టరు ఇక ఆగలేకపోయాడు.

"మేకులమ్మా! పొద్దస్తమానం నోట్లో మేకులే. అన్నం తినేటప్పుడు తప్ప ఈవిడ పెదవులు విడగా నేను చూడలేదు."

లాయరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "ఆ రోజు కూడా ఉన్నాయా అక్కా?"

"పనిలో ఉన్నానుగా అమ్మా. ఉంటాయి మరి."

"మరి కాగితంలో రాయలేదేం?"

"అదీ రాయాలా?" అంది సోఫాలక్క.

నేను మొదట్లోనే చెప్పేశాను గనక మీకిది వింతగా ఉండదు. వాళ్ల సంగతి వేరు. ఆవిడ నోట్లో మేకులుండటం వీధిలో అందరూ రోజూ చూసేదే, అందుకే ఎవరికీ కనిపించలేదు. గడియారాల బాబాయికి కనిపించలేదు, చినబాబుకి కనిపించలేదు, ఆ మేకులు మోస్తున్న ఆవిడకే తట్టలేదు. అన్నీ గుర్తుచేసుకుని గూండాలతో సహా రాయబోయిన కండక్టరుకీ అప్పటిదాకా తట్టలేదు. లాయరమ్మ మాత్రం ఇప్పుడు కళ్లు మెరిపిస్తూ కూర్చుంది. నోరు తెరిస్తే మేకు మింగాల్సిన మనిషి అన్న ఊఁని ఒప్పుకోలు అని ఎవరంటారో చూద్దాం అంది. ఏం కావాలనుకుంటున్నారో ఒక్క ముక్కలో చెప్పమంటే, ఆ గదిలోనే పని చేసుకోవాలి అంది సోఫాలక్క. ఫీజు సంగతి కూడా మొహమాటపడకుండా అడిగింది, సబబుగానే అనిపించింది. ఇంటికెళ్లి ఆలోచించుకుని నన్ను పెట్టుకోవాలో వద్దో చెప్పండి అంటే, ఆలోచించేశాను, మీరే నా లాయరు అంది. కండక్టరు మెట్లు దిగుతూ, చూశావా, నేను రాకపోతే ఏమయ్యేది అని ఇంటిదాకా అంటూనే ఉన్నాడు. ఆ ఒక్కసారికీ అది నిజమే.

కోర్టుకెక్కేముందు ఒకసారి అందరం కూర్చుని మాట్లాడుకుందామని లాయరమ్మ అవతలి లాయరుకి కబురు పెట్టింది. కూర్చునేది తన ఆఫీసులోనో ఆయన ఆఫీసులోనో కాదు, ఆ మాటలు జరిగిన గదిలోనే అంది. చినబాబు తరఫు లాయరు తెల్లమీసాల పెద్దమనిషి, తల పండినవాడు, సరేనన్నాడు. ఆ రోజు చినబాబూ, మందుల షాపు ఆసామీ, గడియారాల బాబాయీ, ఇద్దరు లాయర్లూ సోఫాల మధ్య దొరికిన చోట కూర్చున్నారు. కండక్టరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లాయరమ్మ సోఫాలక్కకి ముందే చెప్పింది: మీరేమీ నటించొద్దు, రోజూ చేసే పని చేసుకోండి, అంతే. ఆవిడ ముందు ఒక పొడుగాటి దివాను ఉంది. ఎడమ బుగ్గలో గుప్పెడు మేకులు పోసుకుని పనిలోకి దిగింది. కాసేపటికి గుడ్డ ఒక మూల మొరాయించడం మొదలెట్టింది, దాంతో గదిలో మనుషులున్న సంగతే మర్చిపోయింది.

తెల్లమీసాల లాయరు ఆవిడ వీపుకేసి చూస్తూ అడిగాడు. "అమ్మా, గది వదులుకుంటానని మీరు మా చినబాబుకి చెప్పారా?"

"ఊఁ."

చినబాబు మొహం వెలిగిపోయింది. కండక్టరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తెల్లమీసాలాయన మాత్రం అనుభవం ఉన్న మనిషి, ఆ ఊఁ ఆయనకి ఎందుకో నచ్చలేదు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ అడిగాడు. "అయితే వదులుకోనని చెప్పారా?"

"ఊఁ," అంది సోఫాలక్క, అదే పొడుగుతో, మేకు కొడుతూ.

లాయరమ్మ గడియారాల బాబాయి వైపు తిరిగి, ఆ రోజు మీరు విన్న ఊఁ ఇదేనా అని అడిగింది. బాబాయి ఇదే అన్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ తరవాత చెప్పాడు, తన మీద తనకే కోపం వచ్చినట్టు: "వాన పడుతుందంటావా అమ్మాయ్ అంటే ఇదే అంటుంది. పడదంటావా అన్నా ఇదే. రోజూ వింటాను. ఆ రోజు సాక్ష్యం అనేసరికి నా బుర్ర పనిచెయ్యలేదు." తెల్లమీసాలాయన మీసాల చాటున నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. మందుల షాపు ఆసామి గడప దగ్గర వదిలిన చెప్పుల కోసం చూడటం మొదలెట్టాడు.

ఆ దగ్గుకి సోఫాలక్క తలెత్తింది. ఏం జరిగిందో లాయరమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. అంతటితో ఆగిపోయినా గది దక్కేదే. తెల్లమీసాలాయన అప్పటికే ఫైలు మూసేశాడు. సోఫాలక్క మాత్రం ఆగలేదు. సుత్తి కింద పెట్టి, మేకులన్నీ అరచేతిలోకి ఊసి, చెంగుతో మూతి తుడుచుకుని, చినబాబు ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాబూ, ఆ రోజు నువ్వేం చెప్పావో నేను వినలేదు. వినకుండా ఊఁ అన్నాను, అది నా తప్పే. ఇప్పుడు నా నోట్లో ఏమీ లేదు. ఆ రోజు నా వీపుకి చెప్పింది ఇప్పుడు నా మొహం చూసి అడుగు."

చినబాబు తన లాయరుకేసి చూశాడు. ఆయన చూపు తిప్పేసుకున్నాడు. అడక్క తప్పలేదు. "గది ఖాళీ చేస్తావా అక్కా?" అన్నాడు.

"చెయ్యను."

కుండబద్దలు కొట్టినట్టు వచ్చింది ఆ మాట. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఒకసారి లోపలికి చూశారు. తన గొంతు అంత పెద్దదని సోఫాలక్కకీ అప్పటిదాకా తెలీదు. ఒళ్లంతా తేలికైపోయింది, ఇంకా ఇంకా మాట్లాడాలనిపించింది. నోటీసు వెనక్కి తీసుకుంటున్నానని కాగితం మీద రాసియ్యమంది. అతను రాసి సంతకం పెట్టాడు. అది లాయరమ్మ చేతికిచ్చి, ఇంకా ఉంది బాబూ అంది. పైకప్పు మూల వానొస్తే కారుతోంది, ఎన్నేళ్ల నుంచో చెబుదామనుకుంటున్నాను, నోరు ఖాళీ లేక చెప్పలేదు. కుడి తలుపుకి కింది బందు ఊడింది. మురుగు కాలువ మూత పగిలింది. ఇన్నేళ్లూ మింగేసిన మాటలన్నీ వరసగా బయటికొస్తున్నాయి. కండక్టరు నోరు వెళ్లబెట్టి వింటున్నాడు. చినబాబు మాడిపోయిన మొహంతో నేలచూపులు చూస్తూ, అన్నిటికీ కలిపి ఒకటే అన్నాడు. ఊఁ.

"ఊఁ అంటే నాకు అర్థం కాదు బాబూ," అంది సోఫాలక్క. "మాటతో చెప్పు."

చినబాబు తలెత్తాడు. "చేయిస్తానక్కా," అన్నాడు, అందరికీ వినపడేలా. "గది నీదే. నువ్వు ఇక్కడే ఉండు."